రెండు ఫోన్లు, ఒక 'జుమ్మా'

2007 మే 18. శుక్రవారం. హైదరాబాదు విద్యానగర్‌లో మేం నలుగురం కలిసి ఉండే గదికి ఆ రాత్రి రెండు ఫోన్లు వచ్చినాయి. రెండూ వేంపల్లె నుంచే.

మొదటిది మా అమ్మది. అప్పటికే టీవీలో మక్కా మసీదు చూపిస్తున్నారు. అమ్మ గొంతులో వణుకు నాకు తెలుస్తానే ఉంది. "నాయినా, అన్నం తింటివా" అని కూడా అడగలా. "ఆ పాతబస్తీ తట్టు పోవాకు. సాయిబులుండే కాడ తిరగాకు. నాలుగు దినాలు రూములోనే ఉండు" అని చెప్పింది. సరే అన్నా.

రెండోది మా రూమ్మేటు వాళ్లమ్మది. వాడిదీ వేంపల్లే. హైస్కూల్లో నాకు రెండు బెంచీల వెనక కూచునేవాడు. పాపాఘ్నిలో ఈతకు పోయినా, శ్రావణమాసం శనివారాల్లో గండి ఆంజనేయస్వామి తిరణాలకు పోయినా కలిసే పోయినాం. వాళ్లమ్మ ఏం చెప్పిందో వాడు ఫోన్ పెట్టేసినాక చెప్పినాడు. "గడ్డం తీసేయమంటాందిరా." అంతే. పొద్దున లేచి చూస్తే వాడి గడ్డం లేదు. మేం ముగ్గురం నవ్వినాం. "బాగున్నావురా, సినిమా హీరో మాదిరి" అని కూడా అన్నాం.

ఆ రోజు ఆ రెండు ఫోన్లూ నాకు ఒకటే అనిపించినాయి. ఇద్దరు తల్లులు, ఇద్దరు కొడుకులు, దూరంగా ఒక పెద్ద ఊరు, అందులో ఒక బాంబు. తల్లి అన్నాక భయపడదా? అవి రెండూ ఒకటి కాదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థం చేయించింది ఒక కథ. వేంపల్లె షరీఫ్ రాసిన 'జుమ్మా'.

*

వేంపల్లె చిన్న ఊరు. పులివెందుల నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం. సాహిత్యంలో దాని పేరు గట్టిగా వినపడింది కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారాలు మొదలైన కొత్తలో. 2011లో తెలుగుకు ఆ పురస్కారం వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి'కి వచ్చింది. ఆ మరుసటేడు వేంపల్లె షరీఫ్ కథల పుస్తకం 'జుమ్మా'కు వచ్చింది. వరసగా రెండేళ్లు వేంపల్లె పేరు పక్కన పెట్టుకున్న ఇద్దరికే. మా ఊరోళ్లం కొంత గర్వపడినాం. పుస్తకాలు ఎంతమంది చదివినారన్నది వేరే మాట.

'జుమ్మా' కథ తెలియని పాఠకులు ఈ పత్రికకు తక్కువే అనుకుంటా. అందుకని కథంతా చెప్పను. ఒక తల్లి ఉంటుంది. దైవభక్తి కలిగిన మనిషి. శుక్రవారం వచ్చిందంటే కొడుకు మసీదుకు పోయి నమాజు చదవాల్సిందేనని పట్టుబట్టే మనిషి. మక్కా మసీదులో బాంబు పేలినాక ఆ తల్లే నగరంలో ఉన్న కొడుకుతో జుమ్మా నమాజుకు పోవద్దంటుంది. స్థూలంగా ఇంతే కథ. ఇందులో పాత్రలు ఎవరినీ తిట్టరు. చరిత్ర చెప్పరు. ప్రభుత్వం గురించి ఉపన్యాసాలివ్వరు.

ఈ కథ మీద ఇన్నేళ్లలో వచ్చిన సమీక్షలు, సభల్లో మాటలు చాలా విన్నాను. నూటికి తొంభై ఒకే దారిలో పోతాయి: "ఏ మతమైనా తల్లి తల్లే", "తల్లి మనసును అద్భుతంగా పట్టుకున్న కథ", "మతం కంటే మాతృత్వం గొప్పదని చెప్పిన కథ". నేను కూడా ఒక కాలేజీ సభలో ఇదే మాట్లాడినా. చప్పట్లు కూడా కొట్టినారు. ఇప్పుడు ఆ మాటలు వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం రాస్తాండా.

*

"ఏ తల్లయినా ఇంతే" అనే వాక్యం వినడానికి బాగుంటుంది. ఎవరికీ నొప్పి తగలదు. అందుకే దాన్ని అనుమానించాలి.

ఆ రాత్రి మా అమ్మ నన్ను ఏం మానుకోమంది? నేను మామూలుగా పోని చోటికి పోవద్దంది. నా జీవితంలోంచి ఏమీ తగ్గలేదు. నా పేరు, నా ముఖం, నా దేవుడు అన్నీ యథాతథం. సోమవారం పొద్దున మళ్లీ కోచింగ్‌కు పోయినా. బస్సులో ఎవరూ నన్ను రెండోసారి చూడలేదు. మా అమ్మ భయానికి ఒక దిక్కు ఉంది. ఆ దిక్కున సాయిబులున్నారు. బాంబు పేలింది మసీదులో. చచ్చిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. అయినా మా అమ్మ భయపడింది వాళ్లకే. ఇది ఎంత విడ్డూరమో ఆ రోజు నాకు తట్టలేదు. టీవీ ముందు కూచున్న మా నలుగురిలో ముగ్గురికి తట్టలేదు.

మా రూమ్మేటు వాళ్లమ్మ భయానికి రెండు దిక్కులు ఉన్నాయి. ఒకటి, మసీదుకు పోతే కొడుకు బాంబుకు బలవుతాడేమో. రెండు, మసీదుకు పోయేవాడి మాదిరి కనపడితే పోలీసులు పట్టుకుపోతారేమో. చంపేవాడి నుంచీ కాపాడుకోవాలి, కాపాడాల్సినవాడి నుంచీ కాపాడుకోవాలి. ఈ రెండో భయం మా అమ్మకు లేదు. ఉండాల్సిన అవసరం రాలేదు. కాబట్టి తల్లులిద్దరూ ఒకటి కాదు. ప్రేమ ఒకటే కావచ్చు. ఆ ప్రేమ దేన్ని వదులుకోవాల్సి వచ్చిందన్నదే తేడా. మా అమ్మ ఏమీ వదులుకోలేదు. వాళ్లమ్మ కొడుకు గడ్డాన్ని వదులుకుంది. కథలో తల్లి ఇంకా పెద్దదాన్ని వదులుకుంది. తను నమ్మిన దేవుడి పిలుపును, అదీ తన నోటితోనే, వద్దనింది.

'జుమ్మా' కథకు ప్రాణం ఇక్కడుందని నా అభిప్రాయం. ఆ ఇంట్లో నమాజును ఎవరూ నిషేధించలేదు. జీవో రాలేదు. మసీదుకు తాళం పడలేదు. ఎవడూ వచ్చి బెదిరించలేదు. అయినా ఒక శుక్రవారం ఆ ఇంట్లోంచి నమాజు వెళ్లిపోయింది. భయం చేసే పని ఇదే. అది బయటినుంచి కొట్టాల్సిన అవసరం లేదు, లోపలున్నవాళ్ల చేతనే తలుపు మూయిస్తుంది. ఆ తలుపు మూసే పని ఇంట్లో అందరికంటే ఎక్కువ నమ్మకం ఉన్న మనిషి చేతికే ఇచ్చినాడు షరీఫ్. అందువల్లనే కథ చిన్నదైనా గుండె మీద బరువుగా కూచుంటుంది. "మాతృత్వం మతాన్ని గెలిచింది" అని దాన్ని పొగడ్డం అంటే, ఓడిపోయిన మనిషికి గెలిచినావని దండ వేయడం.

*

కథ వెనక ఉన్న రోజుల్ని కొంచెం గుర్తు చేసుకుందాం. ఇప్పటి పిల్లలకు అవి తెలియవు. క్లాసులో అడిగితే మక్కా మసీదు పేలుళ్లను, గోకుల్ చాట్‌నూ ఒకటే అనుకుంటారు.

మక్కా మసీదులో బాంబు పేలింది మధ్యాహ్నం జుమ్మా నమాజు వేళ. బాంబుకు తొమ్మిదిమంది పోయినారు. ఆ తర్వాత బయట జరిగిన గొడవలో పోలీసులు కాల్చితే ఇంకో ఐదుగురు పోయినారు. అంటే ఆ రోజు పోయిన ప్రతి ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువమంది పోలీసు తూటాకు పోయినారు. తర్వాత పాతబస్తీ నుంచి ముస్లిం యువకుల్ని పట్టుకుపోవడం మొదలైంది. కొందరిని ఎక్కడెక్కడో పెట్టి హింసించారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది ఎల్. రవిచందర్ నివేదిక ఇచ్చినారు. కేసులు కోర్టుల్లో నిలబడలేదు. ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున. ఉగ్రవాదులు కాదని వాళ్ల చేతికి కాగితాలు కూడా ఇచ్చింది. మంచి నడవడిక గల పౌరుడని సర్టిఫికెట్! ఆలోచించండి. మీ దగ్గర గానీ నా దగ్గర గానీ అలాంటి కాగితం ఉందా? 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది.

దర్యాప్తు సీబీఐకి, అక్కణ్ణించి ఎన్ఐఏకి పోయింది. స్వామి అసీమానంద్‌తో పాటు హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్లని నిందితులుగా చేర్చినారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు ఐదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. తీర్పు చెప్పిన కొన్ని గంటలకే న్యాయమూర్తి రాజీనామా చేశారు. ముందు పట్టుకున్నవాళ్లు కాదు. తర్వాత పట్టుకున్నవాళ్లూ కాదు. మరి ఎవరు? ఆ తల్లి శుక్రవారాన్ని లాక్కుపోయింది ఎవరన్నదానికి చట్టం దగ్గర ఇప్పటికీ ఒక పేరు లేదు. కథ చివర ఎవరినీ వేలెత్తి చూపదని కొందరు దాన్ని 'సంయమనం' అని మెచ్చుకుంటారు. కోర్టే చూపలేని వేలు కథ ఎట్లా చూపుతుంది?

*

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. "మరి వాళ్లు చేసిన వాటి సంగతేంది?"

అదే 2007. మక్కా మసీదు తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 9న హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. ఆమె నవలకు తెలుగు అనువాదం ఆవిష్కరించే సభ అది. దాడికి దిగినవాళ్లలో మజ్లిస్ పార్టీ ఎమ్మెల్యేలే ఉన్నారు. ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయినారు. 2018 సెప్టెంబరులో ఆ కేసులో శిక్షలు పడ్డాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 18 మంది పోయినారు. ఆ కేసులో ఐదుగురికి పడిన ఉరిశిక్షను 2025లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది.

వీటిని దాటేసి ఎవరైనా ఇస్లామోఫోబియా గురించి మాట్లాడితే నేను నమ్మను. రచయిత్రి మీదికి కుర్చీలు విసిరినవాణ్ణి తప్పు పట్టడం, తస్లీమా తన మతం గురించి అడిగే ప్రశ్నను అడగనివ్వడం ముస్లిం ద్వేషం కాదు. మతాన్ని విమర్శించే హక్కు ఉండాలి. మా వేమన చేసింది అదే గదా. కడప గడ్డ మీద నిలబడి వేమన పేరు చెప్పుకునేవాళ్లకు ఆ మాత్రం తెలియాలి. అట్లాగే చాట్ తినడానికి పోయి చనిపోయిన పిల్లల తల్లుల దుఃఖం, మక్కా మసీదు తల్లుల దుఃఖం కంటే తక్కువది కాదు.

కానీ ఒక తేడా చూడండి. గోకుల్ చాట్ తర్వాత మా రూమ్మేటును మేం ముగ్గురం అడిగినాం: "ఏందిరా మీవాళ్లు ఇట్లా చేస్తారు?" నవ్వుతానే అడిగినాం. ఆ గదిలో మూణ్ణెల్ల ముందు, మక్కా మసీదు రోజు, "ఎవరు చేసింటారు" అన్న ప్రశ్న వచ్చినప్పుడు గూడా మేం వాడి వైపే చూసినాం. 2010లో అసీమానంద్ పేరు వచ్చినప్పుడు మాత్రం ఒక్కరు గూడా నన్ను "ఏందిరా మీవాళ్లు" అని అడగలా. అడిగి ఉంటే నాకు కోపం వచ్చేది. "నాకేం సంబంధం?" అనేవాణ్ణి. ఆ నాలుగు మాటలు అనే హక్కు నాకు పుట్టుకతో వచ్చింది. వాడికి రాలేదు. బహిరంగ చర్చలో అసలు సంగతి ఇదేనని నాకనిపిస్తుంది. హింసను ఖండించడం అందరి పని. కానీ హాజరు పట్టీలో రోజూ మొదట పిలిచేది ఒక్కరి పేరే. వాడు "ఖండిస్తున్నా సార్" అని చెయ్యెత్తితే గానీ మిగతా పాఠం మొదలు కాదు.

*

'ఇస్లామోఫోబియా' అనే మాటకు మనకు ఇంకా సరైన తెలుగు లేదు. బ్రిటన్‌లో రన్నీమీడ్ ట్రస్టు 1997లో వేసిన నివేదికతో ఆ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 2019 మార్చి 15న 51 మందిని కాల్చి చంపినారు. అదీ శుక్రవారమే, జుమ్మా నమాజు వేళే. 2022లో ఐక్యరాజ్యసమితి మార్చి 15ను ఇస్లామోఫోబియా వ్యతిరేక దినంగా ప్రకటించినప్పుడు, హిందువులు, బౌద్ధులు, సిక్కుల మీద ఉన్న వ్యతిరేకతను గూడా గుర్తించాలని మన దేశం అభ్యంతరం చెప్పింది. ఆ వాదనలో కొంత న్యాయం ఉండొచ్చు. కానీ నా ఇబ్బంది వేరే. 'ఫోబియా' అంటే భయం. తెలుగులో దాన్ని 'ఇస్లాం భీతి' అని రాస్తున్నారు. ఆ మాట చదివితే భయపడేవాడు ఎవరనిపిస్తుంది? ముస్లిమేతరుడు. నీళ్లంటే భయం, చీకటంటే భయం మాదిరి వాడికి ఇదొక జబ్బు. పాపం రోగి!

'జుమ్మా' చదివితే ఈ మాట తలకిందులుగా ఉందని తెలుస్తుంది. అందులో భయపడుతున్నది ముస్లిం ఇల్లు. ఇంటి ఓనరు భయపడడు, ఇల్లు ఇయ్యడు. పోలీసు భయపడడు, పట్టుకుపోతాడు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాడు భయపడడు, వేలు కదిలిస్తాడు. భయం ఒకరిది, దాని పేరు ఇంకొకరికి పోయింది. తెలుగులో 'అనుమానం' అనే మాట దీనికి దగ్గర అని నాకనిపిస్తుంది. మా తట్టు అనుమానపు మొగుడి కథలు చానా చెప్తారు. అనుమానించేవాడు హాయిగా ఉంటాడు. కాపురం చేసేదే రోజూ రుజువు చూపించుకోవాలి.

*

తెలుగులో ఈ రుజువు చూపించుకోవాల్సిన బాధ మొదట గట్టిగా పలికింది ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' కావ్యంలో. 1991లో. క్రికెట్ మ్యాచ్ దగ్గర దేశభక్తిని కొలిచే మన అలవాటును అంత సూటిగా నిలదీసిన కవిత అంతకు ముందు లేదు. బాబ్రీ కూలినాక వచ్చిన తరం ఇంకా గొంతు పెంచింది. స్కైబాబ తెచ్చిన 'జల్‌జలా' 1998లో, గుజరాత్ మారణకాండ మీద 'అజాఁ' 2002లో, ముస్లిం కథల సంకలనం 'వతన్' 2004లో వచ్చినాయి. షాజహానా 'నఖాబ్' ఆ గొంతును లోపలికి గూడా తిప్పింది. ఇంటి బయట పెత్తనాన్నే కాదు, ఇంటి లోపలి మగ పెత్తనాన్ని గూడా అడిగింది. నెల్లూరు నుంచి ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' వచ్చి, నవ్విస్తూనే పేద ముస్లిం ఇంటి గడప లోపలికి తెలుగు పాఠకుణ్ణి తీసుకుపోయినాయి.

షరీఫ్ వీళ్లందరి తర్వాత వచ్చినాడు. వాళ్లు తెరిచిన దారిలోనే నడిచినాడు గానీ గొంతు మాత్రం తగ్గించినాడు. ఆరోపణ లేదు. నినాదం లేదు. కడప మాండలికం, కడప పేదరికం, ఒక అమ్మ, ఒక పిల్లోడు. రాయలసీమ కథంటే కరువు, కక్షలు అనుకునే రోజుల్లో, సీమ కథల్లో ముస్లిం అంటే పక్క పాత్రగానే ఎక్కువగా కనపడే చోట, ఆయన ఆ పాత్రను కథ నడి ఇంట్లో కూచోబెట్టినాడు. ఇది చిన్న పని కాదు.

అయితే ఒక పేచీ నాకు ఉంది. చెప్పాలి. 'జుమ్మా' మాలాంటి పాఠకులకు ఎందుకంత తొందరగా నచ్చింది? 'పుట్టుమచ్చ' చదువుతుంటే మాకు ఇబ్బందిగా ఉంటుంది, అందులో వేలు మావైపు తిరుగుతుంది. 'జల్‌జలా' కవుల కోపానికి మేం "ఇంత ఆవేశం అవసరమా" అని సమీక్షలు రాసినాం. 'జుమ్మా' దగ్గరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకున్నాం. ఎందుకంటే అందులో అమ్మ మమ్మల్ని ఏమీ అనదు. భయపడే ముస్లిం మీద జాలి పడటం సులువు. కోప్పడే ముస్లింతో మాట్లాడటమే కష్టం. మంచివాడుగా, మెత్తనివాడుగా, బాధితుడుగా ఉంటేనే మా సానుభూతి దొరుకుతుందంటే, అది గూడా ఒక నడవడిక సర్టిఫికెట్టే గదా!

ఇది కథలో లోపమా, చదివేవాళ్లలో లోపమా అని చాలా రోజులు ఆలోచించినా. కొంత కథలో ఉందనే అనుకుంటాను. తల్లి భయానికి కథ ఎంత చోటు ఇచ్చిందో, ఆ భయాన్ని పుట్టించిన మనుషులకూ వ్యవస్థకూ అంత చోటు ఇయ్యలేదు. కొత్త పాఠకుడు దాన్ని ఒక దుర్ఘటన కథగా చదివి పక్కన పెట్టే వీలుంది. కానీ ఎక్కువ భాగం లోపం మాది. ఎందుకంటే కథ ఒక గట్టి పని చేసింది: నమాజుకు పోమ్మని పోరే తల్లిని ముందు చూపించి, అదే తల్లి చేత వద్దనిపించింది. ఆ రెంటి నడుమ ఏం జరిగిందో ఆలోచించే పని మాకు వదిలిపెట్టింది. మేం ఆలోచించే బదులు ఏడ్చినాం. ఏడ్చినాక తేలికపడినాం. కథ మాకు అప్పగించిన పని మాత్రం అట్లే పడుండాది.

*

"మన కడపలో అలాంటివి లేవు సార్." ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అనడానికి మా దగ్గర మంచి ఆధారాలున్నాయి. ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొడతారు, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని. అమీన్ పీర్ దర్గాకు, మేం పెద్ద దర్గా అంటాం, అన్ని కులాలవాళ్లూ పోతారు. పీర్ల పండగలో గుండం చుట్టూ తిరిగేవాళ్లలో ఎవరు ఏ మతమో చెప్పడం కష్టం. ఇవన్నీ నిజం. నేను చిన్నప్పటి నుంచీ చూసినవే.

కానీ ఆ నిజాన్ని మేం వాడుకునే తీరే నాకు ఈ మధ్య నచ్చడం లేదు. ఎవరైనా వివక్ష గురించి నోరు తెరిస్తే చాలు, దేవుని కడపను చూపించి నోరు మూయిస్తాం. ఏడాదికి ఒక దినం గుడికి వచ్చిన ముస్లిం ఫోటో పేపర్లో వేసి, మిగతా 364 దినాలకు దాన్ని రశీదు మాదిరి దాచుకుంటాం. 2020 మార్చి చివర ఢిల్లీ మర్కజ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సంగతి బయటపడినప్పుడు, ఇదే జిల్లాలో మా ఫోన్లలో ఏమేం తిరిగినాయో మాకు తెలుసు. రోగం వచ్చినవాణ్ణి రోగిగా చూడలేదు. 2021లో ప్రొద్దుటూరులో టిప్పు సుల్తాన్ విగ్రహం పెట్టాలన్నప్పుడు, వద్దని బీజేపీ ఆందోళనకు దిగినప్పుడు, ఒక చారిత్రక పురుషుడి మంచిచెడ్డల మీద జరగాల్సిన వాదన రెండు దినాల్లోనే "మీవాళ్లు - మావాళ్లు" లోకి దిగిపోయింది. విగ్రహాలు పెట్టడం మీద నాకూ మోజు లేదు, ఎవరివైనా సరే. కానీ టీ అంగట్లో ఆ వాదన జరుగుతుంటే, పక్క బల్ల మీద కూచున్న సాయిబు ముసలాయన టీ సగంలో వదిలేసి లేచిపోవడం చూసినా. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన పనే రాలేదు.

నా సంగతి గూడా చెప్పి ముగిస్తా. కొన్నేళ్ల కింద మా జిల్లాలోనే ఒక టౌన్లో పని చేస్తున్నా. మా స్టాఫులోకి కొత్తగా వచ్చిన ఉర్దూ మాస్టారుకు ఇల్లు చూడమన్నారు. నేనుండే వీధిలోనే ఒక పోర్షను ఖాళీగా ఉంది. ఓనరు నాకు బాగా తెలిసిన మనిషి, మర్యాదస్తుడు. "మీరు చెప్పినాక కాదంటానా సార్" అన్నాడు. పేరు అడిగినాడు. చెప్పినా. కొంచెం సేపు ఆగి, "నాకేం పట్టింపు లేదు సార్. ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకోరు. వాసన అంటారు" అన్నాడు. నేను ఏమీ అనలేదు. టీ ఇచ్చినాడు, తాగినా. మాస్టారుతో వచ్చి, "అది ఆల్రెడీ ఎవరికో ఇచ్చేసినారంట సార్" అని అబద్ధం చెప్పినా. ఆయన నవ్వి, "పర్లేదు సార్, నాకు అలవాటే" అన్నాడు. ఇల్లు ఇచ్చేయడమా, ఇయ్యకపోవడమా, ఏది అలవాటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

కాలేజీ సభలో 'జుమ్మా' గురించి "తల్లి మనసు" అని నేను మాట్లాడింది ఆ తర్వాతి నెలే. ఆ మాస్టారు ముందు వరసలో కూచున్నాడు. అందరితో పాటు చప్పట్లు కొట్టినాడు.

*

పోయినేడు వేసవిలో మా అమ్మకు కళ్ల ఆపరేషన్ అయింది. పుస్తకం పట్టుకోలేదు, టీవీ చూడకూడదు. పగలంతా ఏదో ఒకటి చదివి వినిపించేవాణ్ణి. ఒక రోజు 'జుమ్మా' చదివినా. మన వేంపల్లె పిల్లోడు రాసిందమ్మా అని చెప్పి మొదలుపెట్టినా. అమ్మ కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని వింటా ఉంది. అయిపోయినాక ఏమంటుందో అని చూసినా. "పాపం తల్లి" అంటుందనుకున్నా.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "ఆ పిల్లోడు మళ్ల నమాజుకు పోయినాడా నాయినా?"

నాకు బదులు దొరకలా. ఇంత విమర్శ చదివి, ఇంత రాసి, ఆ ప్రశ్న నేను ఒక్కనాడు గూడా అడగలేదని అప్పుడు తెలిసింది. మేమంతా ఆ తల్లి దగ్గర ఆగిపోయినాం. మా అమ్మ మాత్రం కొడుకు మళ్లీ మసీదు మెట్లు ఎక్కినాడా లేదా అని అడిగింది. ఈ చర్చంతా తేలాల్సింది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే అనుకుంటా. ఒక మనిషి భయం లేకుండా, ఎవరికీ కాగితం చూపించకుండా, తన శుక్రవారానికి తాను పోగలడా? పోయి తన ప్రశ్నలు తన మతాన్ని గూడా అడగగలడా?

2007లో తను నాకు చేసిన ఫోన్ మా అమ్మకు గుర్తు లేదు. నేను గుర్తు చేయలేదు. ఆ సాయంత్రం మాత్రం పాత నంబర్లలో వెతికి మా రూమ్మేటుకు ఫోన్ చేసినా. ఇప్పుడు వాడు గల్ఫులో ఉన్నాడు. ఊరి సంగతులు, పిల్లల చదువులు మాట్లాడుకున్నాం. చివర్లో అడిగినా, "గడ్డం మళ్ల పెంచినావా రా?" అని.

వాడు కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు గుర్తుందా అది?" అన్నాడు.